ఎల్-మస్రీ కేసు: "మా దగ్గర లేడు" అన్న ప్రభుత్వాన్ని కాగితాలతో ఎలా పట్టుకున్నారు

రహస్య నిర్బంధం కేసు చేతికొచ్చినప్పుడు మన దగ్గర ఉండేది ఒక్కటే, బాధితుడి నోటిమాట. అరెస్టు మెమో ఉండదు, స్టేషన్ రికార్డులో పేరుండదు, మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచిన దాఖలా ఉండదు. అవతలి పక్షం "ఆ మనిషి మా దగ్గర ఎప్పుడూ లేడు" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటుంది. జర్మన్ పౌరుడు ఖాలిద్ ఎల్-మస్రీ విషయంలో మాసిడోనియా (ఇప్పుడు ఉత్తర మాసిడోనియా) ప్రభుత్వం ఏళ్ల తరబడి ఇదే చెప్పింది. 2012 డిసెంబర్ 13న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం గ్రాండ్ ఛాంబర్ (అక్కడి అతి పెద్ద ధర్మాసనం) 17 మంది జడ్జీలతో ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చింది. అమెరికా నిఘా సంస్థ సీఐఏ నడిపిన రెండిషన్ కార్యక్రమంపై, అంటే కోర్టు ప్రమేయం లేకుండా మనుషులను పట్టుకుని రహస్యంగా ఇంకో దేశానికి తరలించడంపై, ఆ కోర్టు ఇచ్చిన మొదటి తీర్పు అది.

నిర్బంధించినవాళ్లు తమ దగ్గర కాగితం లేకుండా చూసుకోగలరు. కానీ మనిషిని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలించాలంటే విమానం కావాలి, ఇంధనం కావాలి, సిబ్బందికి హోటల్ గదులు కావాలి, సరిహద్దు దాటాలి. వాటి రికార్డులు వేరే వాళ్ల చేతుల్లో ఉంటాయి. ఈ కేసు నిలబడింది ఆ బయటి రికార్డుల మీదే.

విధానం ఏమిటి

2001 సెప్టెంబర్ 17న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒక రహస్య మెమొరాండం మీద సంతకం చేశారు. అమెరికన్లకు, అమెరికా ప్రయోజనాలకు తీవ్రమైన ముప్పుగా కొనసాగుతున్నవారిని, లేదా ఉగ్రవాద చర్యలకు పథకం వేస్తున్నవారిని పట్టుకుని నిర్బంధించే అధికారం దానితో సీఐఏకు వచ్చింది. ఆ తర్వాత పని రెండు దారుల్లో నడిచింది. కొందరిని ఈజిప్టు, సిరియా, జోర్డాన్, మొరాకో లాంటి దేశాల నిఘా సంస్థలకు అప్పగించారు. మిగతావారిని అఫ్ఘానిస్తాన్, థాయ్‌లాండ్, పోలండ్, రొమేనియా, లిథువేనియాల్లో సీఐఏ సొంతంగా నడిపిన రహస్య జైళ్లలో పెట్టారు. 2014 డిసెంబర్‌లో బయటికొచ్చిన అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ నివేదిక సారాంశం ప్రకారం సీఐఏ నిర్బంధించినవారు 119 మంది. వారిలో కనీసం 26 మంది ఆ మెమొరాండం పెట్టిన ప్రమాణానికే సరిపోరు. అంతర్జాతీయ చట్టం సంగతి అలా ఉంచినా, సంస్థ తనకు తాను గీసుకున్న గీతనే దాటిందన్నమాట.

ఎల్-మస్రీ ఆ 26 మందిలో ఒకరు. ఆయన విషయంలో గీత ఎక్కడ దాటారో చూడండి. మెమొరాండం అడిగింది "ముప్పు". రెండిషన్‌ను సమర్థిస్తూ సీఐఏ అధికారులు రాసుకున్నది మాత్రం, ఇతర అల్-ఖైదా సభ్యులను పట్టుకోవడానికి పనికొచ్చే సమాచారం ఆయనకు తెలిసి ఉంటుందని. ముప్పున్న మనిషి వేరు, సమాచారం తెలిసి ఉండొచ్చనుకునే మనిషి వేరు. రెండోదాన్ని మొదటిదానిగా చదివేశారు. దానికి పేరు పోలిక తోడైంది. 9/11 దాడి చేసినవారికి జర్మనీలో ఒక రైల్లో ఖాలిద్ అల్-మస్రీ అనే వ్యక్తి తారసపడ్డాడన్న సమాచారం అప్పటికే ఫైళ్లలో ఉంది. పాస్‌పోర్టు నకిలీదన్న అనుమానం కూడా వచ్చింది. పరీక్షిస్తే అసలైనదేనని తేలింది. అయినా వెంటనే వదల్లేదు. ఆయనకు ఉగ్రవాదులతో సంబంధం ఉందా అన్న సందేహం సీఐఏ లోపలి నుంచే వచ్చినా, విడుదల ఎలా చేయాలన్న దానిపై విభాగాలకు పొంతన కుదరక నెలలు గడిచాయి. ఈ తరహా వ్యవస్థలో పొరపాటు జరగడం సులువు, దాన్ని సరిదిద్దడం కష్టం. సరిదిద్దితే అన్యాయంగా పట్టుకున్నామని ఎవరో ఒకరు కాగితం మీద ఒప్పుకోవాలి.

జరిగింది

2003 డిసెంబర్ 31. జర్మనీలోని ఉల్మ్ నుంచి మాసిడోనియా రాజధాని స్కోప్యే వెళ్లే బస్సును సెర్బియా–మాసిడోనియా సరిహద్దులోని తబనోవ్సె చెక్‌పోస్టు దగ్గర ఆపి, ఎల్-మస్రీని దించేశారు. స్కోప్యేలోని స్కోప్‌స్కి మెరాక్ హోటల్లో పై అంతస్తు గదిలో 23 రోజులు ఉంచారు. మఫ్టీలో ఉన్న తొమ్మిది మంది వంతులవారీగా కాపలా కాశారు. నిద్రపోయేటప్పుడు కూడా గదిలో ముగ్గురు ఉండేవారు. ఆయనకు అంతంతమాత్రంగా వచ్చిన ఇంగ్లిష్‌లోనే ప్రశ్నలు వేశారు. వెళ్లిపోతానంటే తుపాకీ తలకు గురిపెట్టి కాల్చేస్తామన్నారు. అల్-ఖైదా సభ్యుడినని ఒప్పుకుంటే జర్మనీకి పంపిస్తామని బేరం పెట్టారు. పదమూడో రోజున ఆయన తిండి మానేశారు. ఆ గదిలో ఉన్న చివరి పది రోజులూ ఏమీ తినలేదు.

2004 జనవరి 23 రాత్రి, బాగా చూసుకున్నారని కెమెరా ముందు చెప్పించి, సంకెళ్లు వేసి, కళ్లకు గంతలు కట్టి స్కోప్యే విమానాశ్రయానికి తీసుకెళ్లారు. అక్కడ ఒక గదిలో నల్ల దుస్తులు, ముసుగులు వేసుకున్నవాళ్లు కొట్టారు, బట్టలు కత్తిరించి తీసేశారు, మలద్వారంలోకి బలవంతంగా ఒక వస్తువు చొప్పించారు. డైపర్, ట్రాక్‌సూట్ తొడిగి, తలకు ముసుగేసి, కాళ్లకూ చేతులకూ గొలుసులు వేసి విమానం ఎక్కించారు. చుట్టూ మాసిడోనియా సాయుధ సిబ్బంది ఉన్నారు. విమానంలో నేల మీద కట్టిపడేసి మత్తు సూది వేశారు. సీఐఏ రెండిషన్ బృందాలు వేర్వేరు దేశాల్లో వేర్వేరు మనుషుల మీద ఇదే క్రమం పాటించాయి. అందుకే ఒక బాధితుడు చెప్పిన క్రమం అతనితో ఎన్నడూ పరిచయం లేని ఇంకో బాధితుడు చెప్పినదానితో సరిపోతే, దాన్ని సాక్ష్యంగానే చూడాలి.

కాబూల్‌కు ఉత్తరాన "సాల్ట్ పిట్" అని పిలిచే స్థావరంలో నాలుగు నెలలకు పైగా ఉన్నారు. సెనేట్ నివేదికలో దాని మారుపేరు కొబాల్ట్. 2002 నవంబర్‌లో గుల్ రహ్మాన్ అనే బందీని గోడకు గొలుసుతో కట్టి, నడుము కింద గుడ్డ లేకుండా కాంక్రీటు నేల మీద ఉంచితే చలికి చనిపోయిన చోటు అదే. ఎల్-మస్రీ మార్చిలో మళ్లీ నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 37 రోజుల తర్వాత ఏప్రిల్ 10న ముక్కులోంచి గొట్టం వేసి బలవంతంగా ఆహారం ఎక్కించారు. మే 28న విమానంలో అల్బేనియా తీసుకొచ్చి, కారులో తిప్పి, రాత్రిపూట ఒక రోడ్డు మీద దించి వెళ్లిపోయారు. మర్నాడు ఉదయం అల్బేనియా రాజధాని టిరానా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ చేరారు. ఇంటికెళ్తే భార్యాపిల్లలు లేరు. ఆయన తమను వదిలేశారనుకుని వాళ్లు లెబనాన్ వెళ్లిపోయారు.

సాక్ష్యం ఎక్కడెక్కడ దొరికింది

ఆయన లాయర్ మన్‌ఫ్రెడ్ గ్నిజిడిచ్ చేసిన మంచి పని, జర్మన్ అధికారులకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేయడం. దాంతో జర్మన్ ప్రాసిక్యూటర్లు దర్యాప్తు మొదలుపెట్టారు. అధికారికంగా సేకరించిన సాక్ష్యం తర్వాత ప్రతి వేదికలోనూ పనికొచ్చింది. యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ యూరప్ కౌన్సిల్ తరఫున స్విస్ సెనేటర్ డిక్ మార్టీ 2006లో ఇచ్చిన నివేదిక ఆ సాక్ష్యాలను ఒకచోట పేర్చింది.

అన్నింటికన్నా ముందు చెప్పాల్సింది తలవెంట్రుకల గురించి. ఈ తరహా కేసుల్లో ఎక్కువగా చేజారేది ఇదే. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనిషి తిన్న తిండి, తాగిన నీరు ఏ ప్రాంతానివో ఆ పెరుగుదలలో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) రూపంలో నమోదవుతుంది. తిండి లేక శరీరం తన కండరాన్నే కరిగించుకునే రోజుల్లో నత్రజని ఐసోటోపుల నిష్పత్తి మారుతుంది. ఎల్-మస్రీ వెంట్రుకలను జర్మన్ దర్యాప్తులో పరీక్షిస్తే, ఆయన దక్షిణాసియా దేశంలో గడిపారన్న మాటకూ, చాలాకాలం తిండి లేకుండా ఉన్నారన్న మాటకూ సరిపోయే ఫలితం వచ్చింది. విడుదలైన మనిషి మొదట చేసే పని స్నానం, క్షవరం. అది సహజం. కానీ ఐదు నెలల నిర్బంధమంటే ఐదు సెంటీమీటర్ల సాక్ష్యం, కత్తెర పడితే అది పోయినట్టే. కుదురు దగ్గర నుంచి కత్తిరించి, ఏ కొస తలవైపుదో గుర్తుపెట్టి, సాక్షుల సమక్షంలో సీలు వేయాలి. కుదురు వైపు ఏదో తెలియకపోతే నెలల వరుస చెప్పలేం.

రెండోది విమానం. ఎన్313పి రిజిస్ట్రేషన్ ఉన్న బోయింగ్ 737 జనవరి 23న స్పెయిన్‌లోని పాల్మా నుంచి బయల్దేరి రాత్రి 8:51కి స్కోప్యేలో దిగింది. మూడు గంటలకు పైగా ఆగి బాగ్దాద్ వెళ్లింది, అక్కణ్నుంచి కాబూల్. మే నెలలో అల్బేనియా తీసుకొచ్చినది ఎన్982ఆర్‌కే అనే గల్ఫ్‌స్ట్రీమ్. సైన్యం విమానమో, ప్రభుత్వ విమానమో వాడకుండా కాగితాల మీద ప్రైవేటు కంపెనీ పేరున్న విమానం ఎందుకు వాడారు? దానికి కారణం 1944 షికాగో ఒప్పందంలో ఉంది. ప్రభుత్వ విమానం ఇంకో దేశం మీదుగా వెళ్లాలంటే మూడో అధికరణ ప్రకారం ఆ దేశం అనుమతి తప్పనిసరి. షెడ్యూలు లేని పౌర విమానానికి ఐదో అధికరణ కింద చాలా సడలింపు ఉంది. అనుమతి అడిగితే అడిగినట్టు కాగితం మిగులుతుంది, అందుకే పౌర విమానం ముసుగు. అయితే ఆ ముసుగే వాళ్లను పట్టించింది. పౌర విమానం ఫ్లైట్ ప్లాన్ యూరప్ విమాన రాకపోకలను చూసే యూరోకంట్రోల్ సంస్థకు చేరుతుంది, దిగినందుకు రుసుము కట్టాలి, సిబ్బంది ఎక్కడో బస చేయాలి. పాల్మాలో ఆ సిబ్బంది బస చేసిన హోటల్ రికార్డులు స్పెయిన్ పోలీసుల చేతికొచ్చాయి. అవి మ్యూనిక్ ప్రాసిక్యూటర్లకు అందాయి. 2007 జనవరి 31న మ్యూనిక్ కోర్టు 13 మందిపై అరెస్టు వారెంట్లు ఇచ్చిందంటే దాని వెనుక ఉన్నవి ఈ మామూలు హోటల్ కాగితాలే.

విమాన రికార్డులు అడిగేటప్పుడు ఒక్క రోజుకే అడిగి ఊరుకోవద్దు. ముందు వెనక వారం రోజులవి కూడా అడగాలి. ఇదే ఎన్313పి స్కోప్యేకు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు మొరాకోలోని రబాత్ నుంచి కాబూల్ వెళ్లింది. బిన్యమ్ మొహమ్మద్ అనే బందీని తరలించిన ప్రయాణం అది. తిరుగుదారిలో అల్జీర్స్ మీదుగా పాల్మా చేరింది. ఒక్క ప్రయాణాన్ని వ్యాపార ప్రయాణమని దబాయించొచ్చు. వరుసంతా పక్కపక్కన పెట్టాక ఆ మాట నిలవదు.

పోలండ్‌లోని సీఐఏ జైలు కేసుల్లో ఇంకో ఎత్తు కనిపించింది. గమ్యం వేరే ఊరని ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేసి, విమానాన్ని మాత్రం పోలండ్‌లోని షిమానీ విమానాశ్రయంలో దించారు. కాబట్టి దాఖలు చేసిన ప్లానునూ, విమానాశ్రయం లాగ్‌బుక్‌నూ, ల్యాండింగ్ బిల్లునూ మూడింటినీ విడివిడిగా తెప్పించి పోల్చాలి. ప్లాను ఒక్కదాన్ని నమ్మితే మోసపోతాం.

మూడోది, బాధితుడి జ్ఞాపకం. కళ్లకు గంతలున్న మనిషి ఏం చూసి ఉంటాడని వాంగ్మూలం పైపైన తీసుకునే లాయర్లు ఉన్నారు. ఎల్-మస్రీ తానున్న సెల్ నుంచి చిన్న చిన్న భూకంపాలు గుర్తుపెట్టుకున్నారు. భూగర్భ రికార్డుల్లో అవి ఉన్నాయి. జైలు లోపలి అమరికను బొమ్మగా గీశారు. అఫ్ఘానిస్తాన్‌లో నిర్బంధంలో ఉండి వచ్చిన ఇంకో వ్యక్తి దాన్ని చూడగానే గుర్తుపట్టారు. హోటల్ ఫోటోల్లోంచి తన గదినీ, భోజనం తెచ్చిపెట్టిన మనిషినీ చూపించారు. ఇలాంటివి రాబట్టాలంటే "ఏం జరిగింది" అని అడిగితే చాలదు. ఎన్ని మెట్లు దింపారు, నేల మట్టా సిమెంటా, నమాజు పిలుపు ఏ వైపు నుంచి వినిపించింది, విమానం దిగి ఎంతసేపు బండిలో ఉన్నారు, గాలి పొడిగా ఉందా, కాపలావాళ్లు ఏ యాసలో మాట్లాడారు అని ఒక్కొక్కటీ అడగాలి. బొమ్మ గీయించేటప్పుడు పక్కన కూర్చుని దిద్దకూడదు. తప్పు గీతలతో సహా ఆ మొదటి కాగితమే దాఖలు చేయాలి.

చిల్లరవి అనిపించేవి కూడా నిలిచాయి. బస్సులో తోటి ప్రయాణికుల మాటలు, కాబూల్ నుంచి పంపేటప్పుడు ఇచ్చిన రెండు టీషర్టులు, టిరానా–ఫ్రాంక్‌ఫర్ట్ బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టులో మాసిడోనియా ప్రవేశ, నిష్క్రమణ ముద్రలు, అల్బేనియా నిష్క్రమణ ముద్ర. ముద్రల విషయంలో జాగ్రత్త అవసరం. జనవరి 23న ఆయన బ్లాత్సె దగ్గర సరిహద్దు దాటి కొసోవోకు వెళ్లిపోయారని మాసిడోనియా కథ. నిష్క్రమణ ముద్ర ఒక్కటే చూస్తే ఆ కథకూ సరిపోతుంది. అదే తేదీ రాత్రి వచ్చి వెళ్లిన విమానాన్ని పక్కన పెట్టినప్పుడే అది బాధితుడి వైపు మాట్లాడుతుంది.

మూసుకుపోయిన తలుపులు

సాక్ష్యం ఇంత ఉన్నా మూడు దేశాల్లో కేసు ముందుకు కదల్లేదు. అమెరికాలో 2005 డిసెంబర్‌లో పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ సీఐఏ మాజీ డైరెక్టర్ జార్జ్ టెనెట్ మీద, విమాన కంపెనీల మీద దావా వేసింది. ప్రభుత్వం "రాజ్య రహస్యం" అంది. 2006 మేలో వర్జీనియా ఫెడరల్ కోర్టు కొట్టేసింది, 2007 మార్చిలో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు సమర్థించింది, అక్టోబర్‌లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. ప్రపంచమంతా పత్రికల్లో చదివిన విషయమైనా, దాన్ని రుజువు చేయాలంటే సీఐఏ పనితీరు బయటపెట్టాలి కాబట్టి విచారణే కుదరదన్నది తర్కం. 1953 నాటి రేనాల్డ్స్ తీర్పులో ఈ సిద్ధాంతం ఒక పత్రాన్ని సాక్ష్యంలోకి రాకుండా ఆపడానికి వాడారు. ఇక్కడ మొత్తం దావానే ఆపింది. ఇది న్యాయం కాదని గట్టిగానే చెప్పాలి.

జర్మనీ వారెంట్లు ఇచ్చింది గానీ, నిందితులను అప్పగించమని అమెరికాను అధికారికంగా అడగడానికి 2007 సెప్టెంబర్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ ఫిబ్రవరిలో బెర్లిన్‌లోని అమెరికా దౌత్యవేత్త, వారెంట్ల పర్యవసానాలు జాగ్రత్తగా ఆలోచించుకోమని జర్మన్ అధికారులకు చెప్పినట్టు తర్వాత బయటపడ్డ దౌత్య కేబుల్ (రాయబార కార్యాలయం పంపిన అధికారిక సందేశం)లో ఉంది.

మాసిడోనియాలో 2008 అక్టోబర్ 6న ఇచ్చిన క్రిమినల్ ఫిర్యాదును ప్రాసిక్యూటర్ డిసెంబర్ 18న తిరస్కరించారు. ఆ రెండున్నర నెలల్లో చేసిందల్లా హోంశాఖను అడగడం, వాళ్లు చెప్పింది రాసుకోవడం. హోటల్ సిబ్బందిని పిలవలేదు, ఫిర్యాదుదారుతో మాట్లాడలేదు, ఆ రాత్రి విమానం ఎందుకు దిగిందో కనుక్కోలేదు. కేసు చివరికి గెలవడానికి ఈ తిరస్కరణ పత్రం ఎంతో ఉపయోగపడింది. దర్యాప్తు జరగలేదనడానికి ప్రభుత్వం సంతకం చేసి ఇచ్చిన రుజువు అది. మీ ఫిర్యాదులో ఫలానా సాక్షిని విచారించమని, ఫలానా రిజిస్టరు తెప్పించమని పేరుపేరునా రాసి ఉంటే, అవతలివాళ్లు చేయనిది ఏమిటో తర్వాత చూపించడం సులువవుతుంది.

స్ట్రాస్‌బర్గ్ ఏం చెప్పింది

2009 జూలై 20న దరఖాస్తు దాఖలైంది. నంబరు 39630/09. గడువు దాటిందన్న ప్రభుత్వ అభ్యంతరాన్ని కోర్టు ఒప్పుకోలేదు. అసలు విషయంలో తీర్పు మలుపు రుజువు భారం దగ్గర ఉంది. సందేహానికి తావులేని రుజువు కావాలన్న ప్రమాణాన్ని కోర్టు వదల్లేదు. అయితే ఘటనలు పూర్తిగా అధికారులకే తెలిసినవి అయినప్పుడు, బాధితుడు పొంతన ఉన్న, బయటి ఆధారాలతో బలపడిన ప్రాథమిక కథనం ముందుంచితే, సంతృప్తికరమైన వివరణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనంది. ఇవ్వకపోతే వ్యతిరేకంగా నిర్ధారణకు రావచ్చంది. ఎల్-మస్రీ మొదటి నుంచీ మాట మార్చలేదు. ప్రభుత్వ కథకు ఆధారమేమీ లేదు.

ఇంతకాలం లోపలి నుంచి ఎవరూ నోరు మెదపలేదు. 2010లో ఆ పని జరిగింది. ఘటన నాటికి హోంమంత్రిగా, తర్వాత ప్రధానిగా ఉన్న హరి కోస్తోవ్ రాతపూర్వక వాంగ్మూలం ఇచ్చారు. అమెరికా అభ్యర్థన మీద ఎల్-మస్రీని నిర్బంధించి, స్కోప్యేలో ఉంచి, విమానాశ్రయంలో సీఐఏ బృందానికి అప్పగించామని ఒప్పుకున్నారు. పదవి దిగిపోయినవారిని అడగడం మర్చిపోకూడదు.

విమానాశ్రయంలో జరిగింది చిత్రహింసేనని కోర్టు తేల్చింది. చేసినవాళ్లు అమెరికన్లయినా, మాసిడోనియా నేల మీద, దాని సిబ్బంది సమక్షంలో జరిగింది కాబట్టి బాధ్యత మాసిడోనియాదే. హోటల్ గదిలో 23 రోజులు ఉంచడం అమానుషమైన ప్రవర్తన అంది. హోటల్‌లో పెడితే అది నిర్బంధం కాదన్న ఆలోచనకు అక్కడితో తెరపడింది. కాబూల్ నిర్బంధానికి కూడా బాధ్యత వేసింది, ఎందుకంటే ఏం జరగబోతోందో తెలిసే, తెలుసుకోగలిగి ఉండే అప్పగించారు. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని మూడు (చిత్రహింస నిషేధం), ఐదు (స్వేచ్ఛ), ఎనిమిది (వ్యక్తిగత, కుటుంబ జీవితం), పదమూడు (న్యాయ పరిహారం పొందే హక్కు) అధికరణల ఉల్లంఘన. పరిహారం 60,000 యూరోలు. 2014లో పోలండ్ మీద, 2018లో రొమేనియా, లిథువేనియాల మీద వచ్చిన తీర్పులు ఈ పునాది మీదే నిలిచాయి.

2018లో మాసిడోనియా విదేశాంగ మంత్రి నికోలా దిమిత్రోవ్ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పారు. సీఐఏలో మాత్రం, ఎల్-మస్రీ రెండిషన్ కోసం పట్టుబట్టిన అధికారిపై చర్య అక్కర్లేదని డైరెక్టరే నిర్ణయించారు. 2009 జనవరి 22న ఒబామా ఉత్తర్వు సీఐఏ జైళ్లను మూసేసింది. కానీ చిత్రహింస పెట్టబోమన్న హామీ తీసుకుని ఇతర దేశాలకు అప్పగించే దారి తెరిచే ఉంది. ఆ హామీ ఇచ్చేదీ, పాటించామని చెప్పేదీ ఒకే సంస్థ. కాబట్టి దాని మీద భరోసా పెట్టుకోవడానికి లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కేసు చదివేవారికి

హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) నడిపినవారికి "మా కస్టడీలో లేడు" అని పోలీసులు వేసే కౌంటర్ కొత్త కాదు. మన రాజ్యాంగం 22(2) అధికరణ 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలంటుంది. సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పు అరెస్టు మెమో, బంధువులకు సమాచారం, ప్రతి 48 గంటలకూ వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది. ఇవన్నీ అరెస్టును ఒప్పుకున్నప్పుడు పనిచేసే రక్షణలు. ఒప్పుకోనప్పుడు ఎల్-మస్రీ కేసు దారే పనికొస్తుంది. లాడ్జి రిజిస్టరు, టోల్‌గేటు కెమెరా, బండి డీజిల్ బిల్లు, సెల్‌టవర్ రికార్డు మూడో వ్యక్తుల దగ్గర ఉంటాయి. కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. కాబట్టి పిటిషన్‌తో పాటే వాటిని భద్రపరచమని మధ్యంతర ఉత్తర్వు అడగాలి. చిత్రహింస వ్యతిరేక ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసి ఇప్పటికీ ఆమోదించలేదు గనుక, దాన్ని నేరుగా ఆశ్రయించలేం. జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛలకు హామీ ఇచ్చే 21వ అధికరణ ద్వారానే వెళ్లాలి.

యూరప్‌లో ఉన్న మనవాళ్లు స్ట్రాస్‌బర్గ్ దారి పట్టాల్సి వస్తే ఒక మార్పు గుర్తుంచుకోవాలి. ఎల్-మస్రీ నాటికి దేశీయంగా చివరి నిర్ణయం వచ్చాక ఆరు నెలల గడువుండేది. 2022 ఫిబ్రవరి 1 నుంచి అది నాలుగు నెలలే.